కంప్యూటర్‌లో ఒక సైజు, బ్యాకప్‌లో ఇంకో సైజు: తేడా ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

"లాప్‌టాప్‌లో 612 జీబీ ఉంది, బ్యాకప్ డిస్క్‌లో 791 జీబీ చూపిస్తోంది, ఏం జరిగింది?" అని అడిగేవాళ్లు చాలామంది. "లాప్‌టాప్‌లో 400 ఉంటే బ్యాకప్‌లో 230 మాత్రమే ఉంది, మిగతాది పోయిందా?" అని అడిగేవాళ్లు ఇంకొందరు. ఈ రెండో ప్రశ్నలో టెన్షన్ ఎక్కువ, ఉండాల్సిందే కూడా.

ఇద్దరికీ నేను మొదట చెప్పేది ఒకటే. మొత్తం సైజులు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు. రెండు సంఖ్యలూ సమానంగా ఉన్నా బ్యాకప్‌లో ముఖ్యమైన ఫైళ్లు లేకపోవచ్చు, 200 జీబీ తేడా ఉన్నా బ్యాకప్ నిక్షేపంగా ఉండొచ్చు. ఏ ఫోల్డర్‌లో, ఎన్ని ఫైళ్లు, ఏ ఫైళ్లు అన్న దగ్గరికి వెళ్తేనే లెక్క తేలుతుంది.

ఎక్కువగా విండోస్ లాప్‌టాప్, దానికి తగిలించే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గురించి రాస్తున్నాను. మ్యాక్ వాళ్లకు, నెట్‌వర్క్ స్టోరేజ్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్ పెట్టె) వాడేవాళ్లకు విడిగా చివర్లో ఉంది. కానీ మొదటి నాలుగు అంచెలూ అందరివీ.

## 1. ఏదీ డిలీట్ చేయకముందు

డిస్క్ నిండిపోయిందన్న కంగారులో చాలామంది ముందు డిలీట్ చేసి, తర్వాత కారణం వెతుకుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అవుతుంది. తేడాకి కారణం తేలేదాకా ఒక్క ఫైలు కూడా తీయొద్దు.

ముందు ఇవి చేయండి:

- ఆటోమేటిక్ బ్యాకప్ షెడ్యూల్ ఆపండి. మీరు కొలుస్తుండగా అది రాస్తూ ఉంటే సంఖ్యలు మారిపోతూ ఉంటాయి.
- వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటివాటిలో సింక్ పాజ్ చేయండి.
- మీ బ్యాకప్ ప్రోగ్రామ్‌లో "మిర్రర్" అనే బటన్ ఉంటే దాని జోలికి వెళ్లొద్దు. కంప్యూటర్‌లో లేని ప్రతి ఫైలునూ అది బ్యాకప్ నుంచి తీసేస్తుంది. ఆ ఫైలు కంప్యూటర్‌లో పొరపాటున పోయిందే అయితే ఉన్న ఒక్క కాపీ కూడా పోయినట్టే.
- డిస్క్ టిక్ టిక్ మని శబ్దం చేస్తున్నా, మధ్యలో కనెక్షన్ తెగుతున్నా ఈ పని అంతా పక్కన పెట్టి ముందు ముఖ్యమైనవి వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. అనుమానంగా ఉంటే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్ ఆరోగ్యం చూడండి. "కాషన్" అని పసుపు రంగులో వస్తే ఆ డిస్క్‌ని ఇక నమ్మొద్దు.
- ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఇది నిజంగానే అవసరం, ఎందుకంటే మూడో ఫోల్డర్ దగ్గరికి వచ్చేసరికి మొదటి ఫోల్డర్ సంఖ్య గుర్తుండదు.

## 2. రెండు వైపులా ఒకే కొలత ఉందా

హార్డ్ డిస్క్ తయారుచేసేవాళ్లు 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కేస్తారు. విండోస్ మాత్రం 1,024ని మూడుసార్లు గుణించి, అంటే 107 కోట్ల పైచిలుకు బైట్లని 1 జీబీ అంటుంది. అందుకే పెట్టె మీద 1 టీబీ అని ఉన్న డిస్క్ విండోస్‌లో 931 జీబీగా, 2 టీబీ డిస్క్ 1.81 టీబీగా కనిపిస్తుంది. ఎవరూ మోసం చేయలేదు, ఏదీ పోలేదు.

మ్యాక్ 2009లో వచ్చిన స్నో లెపర్డ్ నుంచి తయారీదారుల లెక్కే వాడుతోంది. కాబట్టి విండోస్‌లో 612 జీబీ అని చూపించిన అదే ఫోల్డర్ మ్యాక్‌లో దాదాపు 657 జీబీ అవుతుంది. 45 జీబీ తేడా, ఒక్క ఫైలూ మారకుండా.

దీనికి మందు తేలిక. జీబీలు వదిలేసి బైట్లు రాసుకోండి. విండోస్ ప్రాపర్టీస్‌లో జీబీ పక్కనే బ్రాకెట్‌లో బైట్ల సంఖ్య ఉంటుంది, మ్యాక్‌లో గెట్ ఇన్ఫోలోనూ ఉంటుంది. బైట్లకు రెండు రకాల లెక్కలు లేవు.

మీరు చూస్తున్న తేడా సుమారు 7 శాతం ఉంటే ముందు ఇదే అనుమానించండి. టీబీల్లో చూస్తుంటే 10 శాతం దాకా వస్తుంది.

## 3. దేన్ని దేనితో పోలుస్తున్నారు

సీ డ్రైవ్ మొత్తం వాడుక ఒక పక్క, బ్యాకప్ ఫోల్డర్ సైజు ఇంకో పక్క పెట్టుకుని తేడా ఎందుకు వచ్చిందని అడిగేవాళ్లే ఎక్కువ. సీ డ్రైవ్‌లో విండోస్ ఉంటుంది, ప్రోగ్రాములు ఉంటాయి, ఏ ఫైల్ బ్యాకప్పూ కాపీ చేయని పెద్ద పెద్ద సిస్టమ్ ఫైళ్లుంటాయి. అవి బ్యాకప్‌లో లేకపోవడమే సరైనది.

కాబట్టి డ్రైవ్‌తో డ్రైవ్‌ని పోల్చొద్దు. ఒక ఫోల్డర్ తీసుకుని, బ్యాకప్‌లో దాని జతని తీసుకోండి. డాక్యుమెంట్స్‌కి డాక్యుమెంట్స్, పిక్చర్స్‌కి పిక్చర్స్.

బ్యాకప్ ఏ రకం అన్నదీ ఇక్కడే తేల్చుకోండి:

- మామూలు కాపీ అయితే ఫోల్డర్లు ఉన్నవున్నట్టు కనిపిస్తాయి. వాటిని నేరుగా పోల్చవచ్చు.
- వెర్షన్లు దాచే బ్యాకప్ అయితే ఒకే ఫైలుకి చాలా కాపీలుంటాయి. విండోస్‌తోపాటే వచ్చే ఫైల్ హిస్టరీ ఈ రకమే, ఫైలు పేరు వెనక తేదీ, టైమ్ చేరి ఉంటాయి.
- ఇమేజ్ బ్యాకప్ అయితే డ్రైవ్ మొత్తం ఒకటో రెండో పెద్ద ఫైళ్లలో కుదించి ఉంటుంది. దీని సైజుని ఫోల్డర్ సైజుతో పోల్చి లాభం లేదు. దాన్ని మౌంట్ చేసి, అంటే ఒక డ్రైవ్‌లా తెరిచి, లోపలి ఫోల్డర్లు చూడాలి.

## 4. నాలుగు సంఖ్యలు రాసుకోండి

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. లెక్క పూర్తయ్యేదాకా ఆగండి, లక్ష ఫైళ్లుంటే రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు, అంకెలు కదలడం ఆగాకే రాసుకోండి. రాయాల్సినవి సైజ్, సైజ్ ఆన్ డిస్క్ (డిస్క్‌లో నిజంగా పట్టిన చోటు), ఫైళ్ల సంఖ్య, ఫోల్డర్ల సంఖ్య. బ్యాకప్ వైపు కూడా ఇవే నాలుగు.

ఇప్పుడు వీటిని ఇలా చదవాలి.

సైజు, ఫైళ్ల సంఖ్య రెండూ సమానంగా ఉండి, సైజ్ ఆన్ డిస్క్ ఒక్కటే వేరుగా ఉంటే అది డిస్క్ ఫార్మాట్ వల్ల వచ్చిన తేడా. డేటాకి ఏమీ కాలేదు. అంచె 5లో రెండో కారణం చదవండి చాలు.

ఫైళ్ల సంఖ్య సమానం, సైజు వేరు అయితే బ్యాకప్ అయ్యాక కొన్ని ఫైళ్లు మారాయి, లేదా కాపీ మధ్యలో తెగి కొన్ని ఫైళ్లు సగమే వచ్చాయి. రెండోది ప్రమాదం.

బ్యాకప్‌లో ఫైళ్లు ఎక్కువుంటే పాతవి పేరుకున్నాయి. అంచె 5.

బ్యాకప్‌లో ఫైళ్లు తక్కువుంటే అంచె 6కి వెళ్లండి, ఈ రోజే వెళ్లండి.

## 5. బ్యాకప్ పెద్దదిగా ఉంటే

మొదటి కారణం: పేరు మార్చిన ఫోల్డర్లు. నేను చూసినవాటిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు తగిలింది ఇదే.

మొదట్లో చెప్పిన 612, 791 లెక్క మా బావది. పెళ్లి ఫొటోలు తీస్తాడు. ప్రతి పెళ్లికీ ముందు "కొత్త ఫోల్డర్ 3" లాంటి పేరుతో కార్డులోంచి దించుకుంటాడు, రాత్రికి బ్యాకప్ అయిపోతుంది, వారం తర్వాత ఎడిటింగ్ మొదలుపెట్టేటప్పుడు తీరిగ్గా తేదీ, ఊరి పేరు పెట్టి ఫోల్డర్ పేరు మారుస్తాడు. ఆయన కంప్యూటర్‌లో ఉన్నది ఒకే ఫోల్డర్. బ్యాకప్ ప్రోగ్రామ్‌కి మాత్రం పాత పేరుతో ఒక ఫోల్డర్ పోయింది, కొత్త పేరుతో ఇంకోటి వచ్చింది. పాతదాన్ని అలాగే ఉంచి కొత్తదాన్ని మొదటి నుంచి కాపీ చేసింది. ఒక్కో పెళ్లి 45 జీబీ చొప్పున నాలుగు పెళ్లిళ్లు, 179 జీబీ తేడా అక్కడికి సరిపోయింది.

ఎలా పట్టుకున్నామంటే, బ్యాకప్ డిస్క్‌లో ఫోల్డర్లని సైజు క్రమంలో పెట్టాం. 44.8 జీబీ ఉన్న ఫోల్డర్లు రెండు పక్కపక్కన వచ్చాయి, రెండింటిలోనూ 1,912 ఫైళ్లు. పేర్లు వేరు. రెండూ తెరిస్తే మొదటి ఫొటోలో అదే పందిరి, అదే పెళ్లికూతురు. మిగతా మూడు జతలు పట్టుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

మీరూ అదే చేయండి. ఫోల్డర్ల సైజులు చూపించే విజ్‌ట్రీ గానీ ట్రీసైజ్ ఫ్రీ గానీ ఇన్‌స్టాల్ చేసి, రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరిచి బ్యాకప్ డిస్క్‌ని స్కాన్ చేయండి. ఒకే సైజు, ఒకే ఫైళ్ల సంఖ్య ఉన్న జతలు వెతకండి.

రెండో కారణం: క్లస్టర్ సైజు. డిస్క్ తన స్థలాన్ని గళ్లుగా విభజించుకుంటుంది. ఫైలు ఎంత చిన్నదైనా కనీసం ఒక గడి మొత్తం దానికే. లాప్‌టాప్‌లో విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే డిస్క్ ఫార్మాట్‌లో మామూలుగా గడి 4 కేబీ. అదే 32 జీబీ దాటిన డిస్క్‌ని విండోస్‌లో ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో రకంగా ఫార్మాట్ చేస్తే, మనం మార్చకపోతే, గడి 128 కేబీ.

3 కేబీ ఫైళ్లు లక్ష ఉన్నాయనుకోండి. లోపలి సరుకు 300 ఎంబీ కూడా లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 400 ఎంబీ లోపే సర్దుకుంటాయి, ఎక్స్‌ఫ్యాట్‌లో 12 జీబీ దాటి తింటాయి. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకీ, పాత మెయిళ్లు విడి ఫైళ్లుగా దాచేవాళ్లకీ ఇది బాగా తగులుతుంది. సినిమాలు, పెళ్లి వీడియోల లాంటి పెద్ద ఫైళ్లకి దీనివల్ల వచ్చే తేడా లెక్కలోకి రాదు.

ఈ డిస్క్ విండోస్‌లోనే వాడతారంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసుకోవడం మేలు. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందు ఇంకో డిస్క్‌లో పూర్తి కాపీ ఉండాలి. రెండో డిస్క్ లేకపోతే చిన్న ఫైళ్ల ఫోల్డర్లని ఒక జిప్ ఫైలుగా చేసి పెట్టండి, సగం సమస్య తీరుతుంది.

మూడో కారణం: వెర్షన్లు. ఫైల్ హిస్టరీ మామూలుగా గంటకోసారి మారిన ఫైళ్లని కాపీ చేస్తుంది, పాతవాటిని ఎప్పటికీ ఉంచుతుంది. రోజూ తెరిచే 8 జీబీ మెయిల్ ఫైలు, వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిపే ఇంకో కంప్యూటర్) ఫైలు లాంటివి ఏ కొంచెం మారినా మళ్లీ మొత్తం కాపీ అయ్యే బ్యాకప్‌లు చాలా ఉన్నాయి. 8 జీబీ ఫైలుకి నెల తిరిగేసరికి 200 జీబీ పైన పోవచ్చు.

వీటిని చేత్తో డిలీట్ చేయకండి. కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో క్లీన్ అప్ వెర్షన్స్ వాడండి. ఎన్నాళ్ల వెర్షన్లు ఉంచాలో కూడా అక్కడే ఉంటుంది. నేనైతే సంవత్సరం పెడతాను.

నాలుగో కారణం: డిలీట్ చేసినవి. కంప్యూటర్‌లో మీరు తీసేసిన ఫైళ్లు బ్యాకప్‌లో ఉండిపోవడం మామూలే, చాలాసార్లు మంచిదే. ఇంకోటి చూడండి. బ్యాకప్ డిస్క్‌లో ఏదైనా డిలీట్ చేశారా? ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కి తన సొంత రీసైకిల్ బిన్ ఉంటుంది, దాచిన ఫోల్డర్‌గా. అది ఖాళీ చేయకపోతే జాగా రాదు.

ఐదో కారణం: సుడిలో పడ్డ కాపీ. విండోస్ యూజర్ ఫోల్డర్ లోపల జంక్షన్లని కొన్ని ఉంటాయి. చూడ్డానికి ఫోల్డర్లే, నిజానికి వేరే ఫోల్డర్‌కి దారి చూపే గుర్తులు. కొన్ని తిరిగి తమ పై ఫోల్డర్‌కే దారి చూపిస్తాయి. కాపీ చేసే ప్రోగ్రామ్ వాటి వెంట వెళ్తే "అప్లికేషన్ డేటా" లోపల "అప్లికేషన్ డేటా", దాని లోపల మళ్లీ అదే, ఇలా పది పదిహేను అంతస్తులు దిగుతుంది. బ్యాకప్‌లో ఇలాంటి గొలుసు కనిపిస్తే కారణం దొరికినట్టే. విండోస్‌లోని రోబోకాపీ అనే కాపీ కమాండ్ వాడేవాళ్లు జంక్షన్లని వదిలేసే ఎక్స్‌జె (/XJ) ఆప్షన్ తప్పక పెట్టాలి.

## 6. బ్యాకప్ చిన్నదిగా ఉంటే

ఇక్కడ నిదానంగా వెళ్లాలి. కొన్ని కారణాలు పట్టించుకోనక్కర్లేనివి, కొన్ని డేటా పోయేవి.

పట్టించుకోనక్కర్లేనివి ముందు తీసేద్దాం. విండోస్ తన సొంత పనికి వాడుకునే పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైల్ బ్యాకప్‌లో ఉండవు. హైబర్నేషన్ ఫైల్ మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, అంటే 16 జీబీ ర్యామ్ ఉంటే 6 జీబీ పైనే. రీస్టోర్ పాయింట్లు (విండోస్‌ని పాత స్థితికి తేవడానికి అది దాచుకునేవి), బ్రౌజర్ క్యాష్, టెంపరరీ ఫైళ్లు, కంప్యూటర్‌లోని రీసైకిల్ బిన్ కూడా చాలావరకు ఉండవు. ఇవన్నీ కలిపితే 30, 40 జీబీ తేలిగ్గా అవుతుంది.

ఇక అసలువి.

క్లౌడ్‌లో ఉండి కంప్యూటర్‌లో లేని ఫైళ్లు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వన్‌డ్రైవ్‌లో ఫైల్స్ ఆన్ డిమాండ్ ఆన్ ఉంటే ఫైలు పేరు, ఐకాన్, సైజు అన్నీ కనిపిస్తాయి గానీ లోపలి సరుకు మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఉంటుంది. స్టేటస్ కాలమ్‌లో చిన్న నీలి మేఘం గుర్తు ఉంటే అది ఆన్‌లైన్‌లోనే ఉందని. ఆకుపచ్చ టిక్ ఉంటే మీ దగ్గర ఉందని.

ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిస్తే సైజ్ 180 జీబీ, సైజ్ ఆన్ డిస్క్ 6 జీబీ లాంటి సంఖ్యలు కనిపిస్తాయి. ఈ రెండింటి మధ్య ఇంత తేడా వేరే ఏ మామూలు కారణం వల్లా రాదు. బ్యాకప్ ప్రోగ్రామ్‌లు కొన్ని ఇలాంటి ఫైళ్లని మాట్లాడకుండా దాటేస్తాయి. కొన్ని అన్నిటినీ డౌన్‌లోడ్ చేయడం మొదలుపెట్టి సీ డ్రైవ్ నింపేస్తాయి.

బ్యాకప్‌లో ఉండాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" పెట్టండి, డౌన్‌లోడ్ పూర్తయ్యాక బ్యాకప్ నడపండి. ముందు సీ డ్రైవ్‌లో చోటు ఉందో లేదో చూసుకోండి, చోటు లేకపోతే ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ చేయండి.

దయచేసి దీన్ని వాయిదా వేయకండి. క్లౌడ్‌లో ఉంది కదా అని చాలామంది ధైర్యం. సింక్ అయ్యే ఫోల్డర్‌లో ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. చంటిపిల్లల ఫొటోలు ఇలా పోగొట్టుకున్న వాళ్లతో మాట్లాడాను, ఆ మాటల్లో బాధ వింటే మీరూ ఇదే చెబుతారు.

బ్యాకప్ చేసే జాబితాలో లేని ఫోల్డర్. ఫైల్ హిస్టరీ మీ లైబ్రరీలు (డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివి), డెస్క్‌టాప్, కాంటాక్ట్స్, ఫేవరెట్స్ లాంటివే తీసుకుంటుంది. డీ డ్రైవ్‌లో మీరే చేసుకున్న "పనులు" ఫోల్డర్‌ని లైబ్రరీలో చేర్చకపోతే దానికి తెలియదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని డేటాని ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనో, దాచి ఉండే ప్రోగ్రామ్‌డేటాలోనో పెడతాయి. షాపు లెక్కలు కంప్యూటర్‌లో రాసుకునేవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌లో డేటా పాత్ ఎక్కడుందో చూసి, ఆ ఫోల్డర్ బ్యాకప్‌లో ఉందో లేదో కళ్లతో చూసుకోండి.

కాపీ కాని ఫైళ్లు. బ్యాకప్ లాగ్ తెరిచి స్కిప్డ్, ఫెయిల్డ్, యాక్సెస్ డినైడ్ అన్న మాటలు వెతకండి. సాధారణంగా దొరికేవి ఇవి:

- వేరే ప్రోగ్రామ్ తెరిచి ఉంచిన ఫైలు. మెయిల్, అకౌంట్స్ ప్రోగ్రామ్‌లు మూసేసి మళ్లీ నడపండి.
- 260 అక్షరాలు దాటిన దారి. ఫోల్డర్ లోపల ఫోల్డర్ పేర్లన్నీ కలిపి ఇంత పొడవైతే పాత ప్రోగ్రామ్‌లు చేతులెత్తేస్తాయి. పై ఫోల్డర్ల పేర్లు కుదించండి.
- బ్యాకప్ డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ, అంతకు పైబడిన ఏ ఒక్క ఫైలూ దానిలోకి ఎక్కదు. పెళ్లి వీడియోలన్నీ ఇక్కడే ఆగిపోతాయి.
- పాత విండోస్ నుంచి తెచ్చిన ఫోల్డర్లలో మీ యూజర్‌కి అనుమతి లేకపోవడం.

## 7. ఒకే డిస్క్‌లో వాడుక ఒకటి, ఫైళ్ల మొత్తం ఇంకొకటి

డ్రైవ్‌లో 410 జీబీ వాడినట్టుంది, ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి చూస్తే 350. మిగతా 60 ఎక్కడ?

దాచిన ఫైళ్లు సెలెక్షన్‌లోకి రాలేదు, అది మొదటిది. రెండోది రీస్టోర్ పాయింట్లు. అవి ఉండే సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్‌లోకి మనకి అనుమతే ఉండదు. స్టార్ట్‌లో "క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్" వెతికి తెరిచి, డ్రైవ్ ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కితే కరెంట్ యూసేజ్ కనిపిస్తుంది. మీ 60లో ఎంత అక్కడుందో అదే చెబుతుంది.

దీనికి తిరగేసిన తేడా విండోస్ ఫోల్డర్‌లో వస్తుంది. అందులో ఒకే ఫైలుకి రెండు మూడు చోట్ల పేర్లుంటాయి, వాటిని హార్డ్ లింకులంటారు. డిస్క్‌లో ఒక్కసారే చోటు తీసుకుంటాయి, ఎక్స్‌ప్లోరర్ మాత్రం ప్రతి పేరునీ విడిగా లెక్కేస్తుంది. అందుకే అందులోని విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ చూసి భయపడి దాన్ని డిలీట్ చేయొద్దు. విండోస్ లేవకపోవచ్చు.

## 8. మ్యాక్ వాళ్లకు

మ్యాక్‌తోపాటే వచ్చే బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషీన్ గత 24 గంటలకి గంటకోటి, గత నెలకి రోజుకోటి, అంతకుముందు వారానికోటి బ్యాకప్ ఉంచుతుంది, డిస్క్ నిండాక పాతవి తనే తీసేస్తుంది. కాబట్టి బ్యాకప్ డిస్క్ నిండుగా కనిపించడం దాని సహజ స్థితి. ఫైండర్‌లో ప్రతి తేదీ బ్యాకప్పూ పూర్తి సైజు చూపిస్తుంది గానీ అవన్నీ కూడకండి, మారని ఫైళ్లు డిస్క్‌లో ఒక్కసారే ఉంటాయి.

మ్యాక్‌లోనే చోటు తగ్గిందనిపిస్తే లోకల్ స్నాప్‌షాట్లు, అంటే టైమ్ మెషీన్ మ్యాక్‌లోనే దాచే పాత స్థితులు, చూడండి. డిస్క్ యుటిలిటీలో డేటా వాల్యూమ్ ఎంచుకుని, వ్యూ మెనూలో షో ఏపీఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్స్ నొక్కండి. 60 జీబీ వీడియో డిలీట్ చేసి ట్రాష్ ఖాళీ చేసినా జాగా రాకపోవడానికి కారణం ఇవే, స్నాప్‌షాట్‌లో ఆ వీడియో ఇంకా ఉంది. మామూలుగా ఒకరోజు ఆగితే వదులుతుంది.

మ్యాక్ డిస్క్ ఫార్మాట్ అయిన ఏపీఎఫ్‌ఎస్‌లో ఫైలుని అదే డిస్క్‌లో డూప్లికేట్ చేస్తే అదనపు చోటు పట్టదు, రెండూ ఒకే సరుకుని పంచుకుంటాయి. వేరే డిస్క్‌లోకి ఫైండర్‌తో కాపీ చేసినప్పుడు రెండు నిజమైన కాపీలవుతాయి. వీడియో ఎడిటర్లకి బ్యాకప్ ఉబ్బడానికి ఇదొక కారణం.

ఐక్లౌడ్ ఫొటోస్‌లో "ఆప్టిమైజ్ మ్యాక్ స్టోరేజ్" ఆన్ ఉంటే ఒరిజినల్ ఫొటోలు మ్యాక్‌లో ఉండకపోవచ్చు, ఉండకపోతే టైమ్ మెషీన్‌లోనూ ఉండవు. అంచె 6లో వన్‌డ్రైవ్ గురించి చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది. "డౌన్‌లోడ్ ఒరిజినల్స్" పెట్టండి.

## 9. నెట్‌వర్క్ స్టోరేజ్, లినక్స్, తెలుగు ఫైలు పేర్లు

తెలుగులో ఫైలు పేర్లు పెట్టుకునే మనకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. విండోస్‌లో ఫైలు పేరు 255 యూనిట్ల దాకా ఉండొచ్చు, ఒక్కో తెలుగు సంకేతం ఒక యూనిట్. నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలు చాలావరకు లినక్స్ మీదే నడుస్తాయి, లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫార్మాట్‌లో పరిమితి 255 బైట్లు, ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. అంటే 85 సంకేతాలతో సరి.

85 చాలనిపిస్తుంది, కానీ మన అక్షరం ఒకటిగా కనిపించినా లోపల ఒకటి కాదు. "క్షే" అని రాస్తే క, పొల్లు, ష, ఏత్వం కలిపి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. "మా ఊరి ఆలయ బ్రహ్మోత్సవాల ఫొటోలు" అని మొదలుపెట్టి తేదీ, సందర్భం, ఎవరు తీశారో కూడా చేరిస్తే పరిమితి దాటేస్తుంది. లాప్‌టాప్‌లో హాయిగా ఉన్న ఫైలు నెట్‌వర్క్ స్టోరేజ్‌లోకి ఎక్కదు. పేరు కుదించి, మిగతా వివరం ఫోల్డర్ పేరులో పెట్టండి. తెలుగు పేర్లు మానేయమని మాత్రం నేను చెప్పను.

లినక్స్‌లో ఇంకో మూడు:

- ఎక్స్‌ట్4 మామూలుగా 5 శాతం చోటు రూట్ యూజర్ (లినక్స్‌లో అన్ని అధికారాలూ ఉండే యూజర్) కోసం పక్కన పెడుతుంది. ఖాళీ, వాడుక కలిపితే మొత్తం రాదు.
- ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో కాపీ చేసేటప్పుడు హార్డ్ లింకులు కాపాడే ఆప్షన్, అంటే పెద్ద హెచ్ (-H), పెట్టకపోతే ఒకే ఫైలు రెండు మూడు కాపీలవుతుంది.
- బ్యాకప్ డిస్క్ మౌంట్ కాకుండా, అంటే తన ఫోల్డర్‌కి జతకాకుండా, బ్యాకప్ స్క్రిప్ట్ నడిస్తే, బ్యాకప్ అంతా ఆ మౌంట్ ఫోల్డర్ పేరుతో అసలు డిస్క్‌లోనే పడుతుంది. తర్వాత డిస్క్ మౌంట్ చేస్తే అది కంటికి కనిపించదు, చోటు మాత్రం తింటూ ఉంటుంది. డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి ఆ ఫోల్డర్‌లోకి చూస్తే దొరుకుతుంది.

## 10. ఫైలుకి ఫైలు పోల్చడం

ఇక్కడిదాకా వచ్చినా లెక్క తేలని ఫోల్డర్ ఉంటే రెండు ఫోల్డర్లని పోల్చే ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్ తెరవండి. ఎడమవైపు కంప్యూటర్ ఫోల్డర్, కుడివైపు బ్యాకప్ ఫోల్డర్ పెట్టి కంపేర్ మాత్రమే నొక్కండి. సింక్రనైజ్ బటన్ పక్కనే ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి.

ముందు టైమ్, సైజు ఆధారంగా పోల్చండి, ఇది త్వరగా అవుతుంది. ఎడమవైపు మాత్రమే ఉన్నవి, కుడివైపు మాత్రమే ఉన్నవి, రెండు వైపులా ఉండి వేరుగా ఉన్నవి అని విడిగా చూపిస్తుంది. సగమే కాపీ అయిందని అనుమానమున్న ఫోల్డర్లకి కంటెంట్ ఆధారంగా పోల్చండి. అది ప్రతి బైటూ చదువుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవడం మంచిది.

వేల ఫైళ్లకి సరిగ్గా గంట తేడా కనిపిస్తే కంగారుపడొద్దు. ఫ్యాట్32 స్థానిక సమయాన్ని రాసుకుంటుంది. అమెరికాలో మార్చిలో, నవంబర్‌లో గడియారాలు మార్చినప్పుడు అక్కడున్న మనవాళ్లకి ఇది కనిపిస్తుంది. ఇక్కడి డిస్క్ అక్కడికి తీసుకెళ్లినా ఇలాగే గంటల తేడా వస్తుంది. ఫైళ్లు మాత్రం అవే.

## 11. సరిచేసే క్రమం

- ముందు బ్యాకప్‌లో లేనివి కాపీ చేయండి.
- తర్వాత సగం కాపీ అయినవి మళ్లీ కాపీ చేసి, కంటెంట్ ఆధారంగా పోల్చండి.
- తర్వాత బ్యాకప్‌లో డూప్లికేట్ ఫోల్డర్లు. నేరుగా డిలీట్ చేయకుండా "తీసేయాల్సినవి" అని ఒక ఫోల్డర్ చేసి అందులోకి జరిపి నెల ఉంచండి. అప్పటికీ ఎవరూ వెతకకపోతే తీసేయండి. మా బావ విషయంలో ఇదే కాపాడింది, ఒక జతలో పాత ఫోల్డర్‌లో ఉన్న 38 ఫొటోలు కొత్తదాంట్లో లేవు, ఎడిటింగ్‌లో పొరపాటున తీసేశాడు.
- చివరికి వెర్షన్లు, ఫార్మాట్ లాంటివి.

ఇదంతా అయ్యాక బ్యాకప్ నుంచి నాలుగైదు ఫైళ్లు డెస్క్‌టాప్ మీదకి తెచ్చి తెరిచి చూడండి. ఒక ఫొటో, ఒక వీడియో మధ్యలోంచి, ఒక పీడీఎఫ్, మీ లెక్కల ఫైలు. సైజు సరిగ్గా ఉండి తెరుచుకోని ఫైలు ఉంటే ఆ డిస్క్ మీద అనుమానం పెంచుకోవాలి.

## 12. పెన్నుతో టిక్ పెట్టుకోవడానికి

- షెడ్యూల్, సింక్ ఆపాను
- రెండు వైపులా బైట్లలో రాశాను
- ఫోల్డర్‌కి ఫోల్డర్ పోల్చాను, డ్రైవ్‌కి డ్రైవ్ కాదు
- ఫైళ్ల సంఖ్య రెండు వైపులా రాశాను
- నీలి మేఘం గుర్తున్న ఫోల్డర్లు చూశాను
- బ్యాకప్ లాగ్‌లో స్కిప్ అయినవి చదివాను
- ఒకే సైజున్న ఫోల్డర్ జతలు వెతికాను
- బ్యాకప్ డిస్క్ సొంత రీసైకిల్ బిన్ చూశాను
- నాలుగు ఫైళ్లు వెనక్కి తెచ్చి తెరిచాను
- షెడ్యూల్, సింక్ మళ్లీ ఆన్ చేశాను

చివరిది మర్చిపోయేవాళ్లు చాలామంది. ఆన్ చేశాక మొదటి బ్యాకప్ పూర్తయ్యేదాకా ఉండి, కొత్త సంఖ్యలు అదే కాగితం మీద తేదీ వేసి రాసి, ఆ కాగితాన్ని డిస్క్ పెట్టెలో పెట్టండి. వచ్చేసారి తేడా కనిపించినప్పుడు పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.